హారర్, ఫాంటసీ, రొమాన్స్ నవలికల మీద పనికొచ్చే అభిప్రాయం రాయడం ఎలా

నవలికల మీద పాఠకులు రాసే అభిప్రాయాల్లో ఒక వాక్యం పదే పదే కనిపిస్తుంది: "బాగుంది కానీ ఇంకాస్త రాసి ఉంటే బాగుండేది." దయ్యాల కథైనా, మాయాలోకమైనా, ప్రేమకథైనా ఇదే మాట. చదివినవాళ్ళు ఏదో లోటు పసిగట్టే ఆ మాట రాస్తారు, అందులో సందేహం లేదు. ఆ లోటు ఏమిటన్నదే అందులో ఉండదు. ముగింపు తొందరపడిందా? మొదట్లో వేసిన ముడి ఒకటి విప్పకుండా వదిలేశారా? లేక కథ అంత నచ్చి, అప్పుడే అయిపోయిందే అన్న బెంగా? మొదటి రెండూ రచనలో లోపాలు, మూడోది మెచ్చుకోలు. మూడింటినీ ఒకే మాటలో కుక్కితే కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్ళకీ ఏమీ తెలియదు, రాసిన మనిషికీ ఏమీ తెలియదు. వాటిని విడదీసి చెప్పడం నేర్చుకోదగ్గ పనే. అయితే అది రాయడానికి కూర్చున్నాక కాదు, పుస్తకం తెరిచినప్పుడే మొదలవ్వాలి.

నిడివి, పుస్తకం వచ్చిన దారి

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో, నెబ్యులా అవార్డుల లెక్కలో ఇంగ్లీషు రచన 7,500 మాటల లోపు ఉంటే చిన్నకథ, 7,500 నుంచి 17,500 దాకా నోవెలెట్, 17,500 నుంచి 40,000 దాకా నవలిక, ఆపైది నవల. ఈ అంకెల్ని తెలుగు పుస్తకానికి ఉన్నపళంగా వర్తింపజేయకండి. ఇంగ్లీషులో "ఇన్ ద హౌస్" మూడు మాటలు, తెలుగులో "ఇంట్లో" ఒకటే. అదే కథ తెలుగులోకి వచ్చేసరికి మాటల లెక్క బాగా తగ్గుతుంది. పేజీల్లో చూసుకోవడం నయం. పేజీకి 28 వరుసలు, వరుసకు 7 మాటలు ఉంటే పేజీకి దాదాపు 200 మాటలు. 100 పేజీల పుస్తకం 20,000 మాటలన్నమాట. నిమిషానికి 150 మాటల చొప్పున చదివితే రెండుంబావు గంటల్లో అయిపోతుంది.

ఒక్క బిగిన చదివించగలగడమే నవలిక బలం. దాన్ని 400 పేజీల నవల పక్కన పెట్టి "పాత్రలు తక్కువ, ఉపకథలు లేవు" అని తప్పు పట్టడం సబబు కాదు. 100 పేజీల్లో ఒక ప్రధాన సమస్య, ముగ్గురు నలుగురు ముఖ్యమైన మనుషులు, ఒకటో రెండో చోట్లు పడతాయి. రచయిత ఆ చోటుని దేనికి ఖర్చుపెట్టారన్నదే చూడాల్సింది.

పుస్తకం మీ చేతికి ఏ దారిలో వచ్చిందో కూడా అభిప్రాయంలో ఒక ముక్క ఉండాలి. 1978లో మొదలైన చతుర మాసపత్రిక చాలా ఏళ్ళు నెలకో పూర్తి నవల అచ్చేసింది. స్వాతి మాసపత్రికతో అనుబంధ నవల వస్తుంది. వారపత్రికల సీరియళ్ళు వేరు, ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలుగా వచ్చేవి వేరు. సీరియల్‌గా రాసినదానికి ప్రతి భాగం చివరా ఒక కొక్కెం ఉంటుంది: తలుపు చప్పుడో, అపరిచితుడి ఫోనో, "అప్పుడే ఆమె చూసింది..." అన్న సగం వాక్యమో. వారానికో భాగం చదివేవాళ్ళకి అది కావాలి. అవే భాగాలు పుస్తకంగా వస్తే ఐదారు పేజీలకోసారి అదే పట్టు, అదే సడలింపు. ఒక్క బిగిన చదివినవాళ్ళకి సగంలోనే విసుగొస్తుంది. "సస్పెన్స్ అద్భుతం" అని ఒకరు, "సస్పెన్స్ పేరుతో సాగదీశారు" అని ఇంకొకరు రాస్తే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. మీరు ఎలా చదివారో చెప్పేస్తే ఆ తేడా అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇంకో సంగతి. అది విడి నవలికా, పెద్ద సిరీస్‌కి ముందో మధ్యలోనో వచ్చిన చిన్న భాగమా అన్నది అట్ట వెనక, మొదటి పేజీల్లో చూసుకోండి. సిరీస్‌లో మధ్య భాగం చదివి "ఎవరెవరో అర్థం కాలేదు" అని ఒక్క స్టార్ ఇవ్వడం చాలా తరచుగా జరిగే పొరపాటు.

చదువుతూ మూడు చోట్ల ఆగండి

పదో వంతు దగ్గర, సగం దగ్గర, చివరి అధ్యాయానికి ముందు. 100 పేజీల పుస్తకమైతే 10, 50, సుమారు 88వ పేజీలన్నమాట. ఒక్కో చోట రెండు నిమిషాలు చాలు.

మొదటి ఆగుడులో రెండే ప్రశ్నలు: ఈ పుస్తకం నాకు ఏం ఇస్తానంటోంది? ఎవరికి ఏం కావాలి? 10 పేజీలు దాటినా ఈ రెండింటికీ జవాబు లేకపోతే ఆ సంగతే రాసుకోండి. నవలలో అది ఓపికతో సరిపోతుంది, నవలికలో లోపం. సగం దగ్గర, అప్పటిదాకా వేసిన ముడులన్నీ పేజీ నంబర్లతో ఒక కాగితం మీద దించండి. చివరి అధ్యాయానికి ముందు వాటిలో ఏవి విడిపోయాయో టిక్కు పెట్టి, ముగింపు ఎలా ఉంటుందనుకుంటున్నారో ఒక్క వాక్యం రాయండి. ఈ వాక్యం తప్పకుండా ముందే రాయాలి. చదవడం అయిపోయాక ప్రతి ఒక్కరికీ "ఇది నేను ముందే ఊహించాను" అనే అనిపిస్తుంది. కాగితం మీద ఉంటే నిజంగా ఊహించారో లేదో తెలుస్తుంది.

ఒక హారర్ నవలిక చదువుతున్నారనుకుందాం. తాత పోయాక ఇల్లు అమ్మడానికి ఊరికొచ్చిన మనవరాలు, ఆ ఇంట్లోనే ఉండిపోయిన మేనత్త, పెరట్లో ఒక పాత గాదె. మీ కాగితం ఇలా ఉండొచ్చు:

పే. 8: గాదె తలుపుకి బయట కాదు, లోపల గొళ్ళెం. ఎవరు వేసుకుంటారు?
పే. 19: మేనత్త గాదె వైపు మొహం పెట్టి అన్నం తినదు.
పే. 31: రాత్రి గాదెలో వడ్లు జారుతున్న చప్పుడు. గాదెలో వడ్లు లేవు. ఇక్కడ ఒళ్ళు జలదరించింది.
పే. 54: పట్టపగలు తెరిచి చూశారు. లోపల ఎవరున్నారో పూర్తిగా వర్ణించారు. భయం ఇక్కడ పోయింది.
పే. 70–81: మంత్రగాడు పాత కథంతా చెబుతాడు.
పే. 96: మేనత్త ఏమైందో లేదు.

ఈ ఆరు వరుసలతో అభిప్రాయం సగం తయారైనట్టే. "ఇంకాస్త రాసి ఉంటే" అన్న మాటకి అసలు అర్థం ఇక్కడ దొరుకుతోంది: పేజీలు తక్కువ కాలేదు. 12 పేజీలు మంత్రగాడి కథకి పోయాయి, మేనత్తకి ఒక్క పేరా మిగల్లేదు.

హారర్

నాట్యశాస్త్రం భయానకాన్నీ బీభత్సాన్నీ వేరు చేసింది. ఒకదానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచే భావం, భయం; రెండోదానికి జుగుప్స, అంటే రోత. హారర్ మీద రాసేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే విభజన లేదు. "భయం వేయలేదు" అని రాసేముందు, ఆ నవలిక భయపెట్టబోయిందా, రోత పుట్టించబోయిందా అని చూడండి. పురుగులు, కుళ్ళిన శరీరాలు, రక్తం రోత వైపు. చీకట్లో చప్పుడు, ఉండకూడని చోట ఉన్న మనిషి భయం వైపు. రెండూ ఒకే పుస్తకంలో ఉండొచ్చు. ఏది కుదిరిందో, ఏది కుదరలేదో విడిగా చెప్పండి. జుగుప్స అసలు పడనివాళ్ళు మీ అభిప్రాయాన్ని బట్టే ఆ పుస్తకాన్ని పక్కన పెడతారు.

భయం కుదరకపోవడానికి కారణాలు ఎక్కువగా నాలుగు చోట్ల దొరుకుతాయి. మొదటిది, కారణం కంటే ముందే ప్రతిస్పందన రావడం. చదివేవాడికి భయపడాల్సినదేదీ కనిపించకముందే "ఆమె నిలువెల్లా వణికిపోయింది" అని రాస్తే ఆ వణుకు పేజీ మీదే ఉండిపోతుంది. విభావం (భావానికి కారణం) లేకుండా అనుభావం (బయటికి కనిపించే ప్రతిస్పందన) అంటే ఇదే. రెండోది, తొందరగా చూపించేయడం. పై ఉదాహరణలో 54వ పేజీ అలాంటిదే: సగం పుస్తకం మిగిలి ఉండగానే గాదెలో ఏముందో తెలిసిపోయింది, ఆ తర్వాత అంతకంటే పెద్దది రాలేదు. మూడోది హద్దు లేకపోవడం. ఆ శక్తి గోడల్లోంచి రాగలదా, పగలు తిరగగలదా, ఊరు దాటగలదా? ఏదైనా చేయగలిగినదాని నుంచి తప్పించుకునే ప్రయత్నం మీద ఎవరికీ ఉత్కంఠ పుట్టదు. నాలుగోది, వీళ్ళు ఇల్లు వదిలి ఎందుకు పోరు అన్న ప్రశ్న. అప్పు, జబ్బు మనిషి, సెలవు లేకపోవడం, మొండితనం, ఏదైనా సరే, ఒక కారణం ఉండాలి. వర్షానికి రోడ్డు తెగింది, ఫోన్‌కి సిగ్నల్ లేదు అన్నవి ఒక రాత్రికి సరిపోతాయి, పది రోజుల కథకి సరిపోవు.

ముగింపులో అన్నీ వివరించడం తెలుగు హారర్‌లో బాగా పాతుకుపోయిన అలవాటు. మంత్రగాడో, ముసలి పూజారో, పాత డైరీయో ఒక అధ్యాయమంతా గతం చెబుతుంది. చెడ్డపని అని కాదు. కానీ ఆ వివరణ తర్వాత కథలో ఇంకా ప్రమాదం మిగిలి ఉందా అని చూడండి. మిగిలి ఉంటే వివరణ పని చేసినట్టు, లేకపోతే అక్కడితో కథ ఆగిపోయినట్టు.

దీనికి అటువైపు ఇంకో తప్పు జరుగుతుంది: ఏదీ తేల్చకుండా వదిలేసిన కథని "అసంపూర్ణం" అనడం. హెన్రీ జేమ్స్ 1898లో వెలువరించిన "ది టర్న్ ఆఫ్ ద స్క్రూ" నవలికలో దయ్యాలు నిజంగా ఉన్నాయా, పిల్లల్ని చూసుకునే ఆవిడ ఊహల్లోనే ఉన్నాయా అని పాఠకులు శతాబ్దానికి పైగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ సందేహమే అక్కడ భయం. కాబట్టి ఒక పరీక్ష పెట్టుకోండి. తేల్చని విషయానికి రెండు జవాబులూ కథలోని సాక్ష్యాలతో సమర్థించగలిగితే అది రచయిత ఎంపిక. ఒక్క జవాబుకీ ఆధారం లేకపోతే మర్చిపోయినట్టు. మేనత్త ఏమైందన్నది రెండో రకం.

చేతబడి, బాణామతి వస్తువుగా ఉన్న తెలుగు నవలికల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. బాణామతి నెపంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టడం, చంపడం నిజంగా జరిగాయి. కథలో ఊరంతా అనుమానించిన మనిషి చివరికి నిజంగానే ఆ పని చేసినట్టు తేల్చి, ఆమెకి పడిన శిక్షని న్యాయంగా చూపిస్తే, ఆ సంగతి అభిప్రాయంలో రాయండి. అది నైపుణ్యం గురించిన విషయం కాకపోవచ్చు. చదవబోయేవాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం మాత్రం అవును.

ఏ పరిస్థితిలో చదివారో కూడా ఒక ముక్క రాయండి. పట్టపగలు బస్సులో చదివిన హారర్‌కీ, రాత్రి ఇంట్లో ఒంటరిగా చదివినదానికీ పోలికే లేదు. రాత్రి ముగిస్తే తెల్లారాక రాయండి. పొద్దున్నకి ఏ దృశ్యం గుర్తుందో అదే ఆ పుస్తకంలో బలమైన దృశ్యం.

ఫాంటసీ

మాయాలోకానికి నియమాలు ఉండాలి, అవి చదివేవాడికి తొందరగా తెలియాలి. మన జానపదాలు ఇందులో ఆరితేరినవి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఒక్క వాక్యంలో శక్తి ఎక్కడుందో, దాన్ని ఎలా తుంచాలో, అది ఎంత కష్టమో మూడూ వచ్చేశాయి. 30వ పేజీ దగ్గర పుస్తకం మూసి, ఆ లోకం నియమాలు మూడు వాక్యాల్లో చెప్పి చూడండి. చెప్పలేకపోతే ఎక్కడ తడబడ్డారో రాయండి: పేర్లు ఎక్కువయ్యాయా, వంశవృక్షం అడ్డొచ్చిందా, ఒకే వస్తువుకి రెండు పేర్లు వాడారా?

క్లైమాక్స్‌లో గండం గట్టెక్కించిన శక్తి గురించి అంతకుముందు ఎక్కడైనా ఉందా? వెనక్కి తిరగేసి పేజీ పట్టుకోండి. 12వ పేజీలో ఒక్క ముక్క ఉన్నా చాలు, అది మెచ్చుకోదగ్గ పని. ఎక్కడా లేకపోతే అది గాల్లోంచి ఊడిపడ్డ పరిష్కారం. మంత్రం వాడినందుకు ఎవరైనా ఏదైనా పోగొట్టుకున్నారా అన్నదీ చూడండి. ఖర్చు లేని మంత్రంతో కథకి బిగువు రాదు.

పురాణపాత్రల్ని తీసుకుని రాసిన ఫాంటసీలో "మూలంలో అలా లేదు" అన్నది సమాచారంగా చెప్పొచ్చు, తప్పుగా కాదు. మూలాన్ని మార్చి రచయిత ఏం సాధించారన్నది అసలు ప్రశ్న.

రొమాన్స్

ఇంగ్లీషు రొమాన్స్‌కి పాఠకులూ ప్రచురణకర్తలూ ఒప్పుకున్న షరతులు రెండు: కథకి కేంద్రం ప్రేమే కావాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చేలా, ఆశ మిగిల్చేలా ఉండాలి. తెలుగులో "ప్రేమకథ" అన్న ముద్ర కింద విషాదాంతాలూ వస్తాయి. అందుకే రొమాన్స్ మీద రాసేటప్పుడు ముగింపు సుఖాంతమా కాదా అన్నది చెప్పేయడం స్పాయిలర్ (ముందే బయటపెట్టి కథ మజా పోగొట్టే మాట) కింద లెక్క కాదు. చాలామంది ఆ ఒక్క సంగతి తెలుసుకోవడానికే అభిప్రాయాలు చదువుతారు. ఎలా కలిశారన్నది మాత్రం చెప్పకండి.

నవలిక నిడివి అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ప్రేమకథనే. ఇద్దరు ముక్కూ మొహం తెలియనివాళ్ళు కలిసి, దగ్గరై, విడిపోయి, మళ్ళీ కలవాలంటే 100 పేజీలు ఇరుకు. చదువుతూ రెండు లెక్కలు రాసుకోండి: మొదటి చూపుకీ "ప్రేమిస్తున్నాను"కీ మధ్య కథలో ఎన్ని రోజులు, పేజీల మీద ఎన్ని కలయికలు. మూడు కలయికల్లో రెండు "వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే, "ప్రేమ నమ్మబుద్ధి కాలేదు" అన్న మీ మాటకి కారణం దొరికినట్టే. ముందే పరిచయం ఉన్నవాళ్ళ కథలు ఈ నిడివిలో బాగా కుదరడానికీ అదే కారణం: పాత స్నేహితులు, విడిపోయి మళ్ళీ ఎదురైనవాళ్ళు, పెళ్ళయ్యాక ప్రేమించుకునేవాళ్ళు. పరిచయానికి పేజీలు ఖర్చు కావు.

ఎడబాటుకి కారణం చూడండి. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద 40 పేజీలు నడిపితే చదివేవాళ్ళకి ఓపిక నశిస్తుంది. వాళ్ళెందుకు ఆ ఫోన్ చేయలేరో పాత్ర స్వభావంలో ఉంటే మాత్రం అదే అపార్థం బలంగా పని చేస్తుంది.

ఇంగ్లీషులో లేనిది, తెలుగు ప్రేమకథకి ఉన్నది ఒక సాధనం: "మీరు", "నువ్వు". వాళ్ళు ఎప్పుడు "మీరు" వదిలి "నువ్వు"లోకి వచ్చారు, ముందు ఎవరు వచ్చారు, ఎదుటివాళ్ళు ఒప్పుకున్నారా, కోపం వచ్చినప్పుడు మళ్ళీ "మీరు"కి వెళ్ళారా? మంచి రచయిత ఈ మార్పుతో ఒక దృశ్యం నడుపుతారు. అజాగ్రత్తగా రాసినచోట ఒకే సంభాషణలో రెండూ కలగాపులగం అవుతాయి. అనువాదమైతే ఇది అనువాదకుల నిర్ణయం, ఇంగ్లీషు మూలంలో ఆ తేడాయే ఉండదు. అలాంటప్పుడు మెచ్చుకున్నా తప్పు పట్టినా అనువాదకుల పేరుతో చెప్పండి.

శృంగారం ఎంతవరకు ఉందో సిగ్గుపడకుండా ఒక్క వాక్యంలో చెప్పండి: ముద్దు దాకానా, గది తలుపు మూసేదాకానా, ఆ తర్వాత కూడా వివరంగానా. వెంటపడటం, చెయ్యి పట్టి లాగడం, వద్దన్నా వినకపోవడం ప్రేమగా చూపిస్తే అదీ చెప్పండి. కొందరు ఆ కారణంతో వదిలేస్తారు, కొందరు పట్టించుకోరు. నిర్ణయం వాళ్ళది, సమాచారం మీది.

ఇక రాయడం

250 నుంచి 350 మాటలు చాలు. అమ్మకపు పేజీలో పెట్టే అభిప్రాయమైతే 50 మాటలు. మొదటి రెండు వాక్యాల్లో పేరు, రచయిత, అనువాదమైతే అనువాదకులు, పేజీలు, ఏ తరహా, మీ తీర్పు ఉండాలి. తీర్పుని చివరికి దాచకండి. ఆ తర్వాత కథ, కేవలం మొదటి పావు వంతు వరకే. 100 పేజీల పుస్తకంలో 25వ పేజీ దాటినది ఏది చెప్పినా స్పాయిలర్ అనుకోండి. నవలికలో మలుపులు ఒకటో రెండో ఉంటాయి, ఒక్కటి చెప్పేస్తే సగం పుస్తకం పోయినట్టే. "చివర్లో ఎవరూ ఊహించని ట్విస్ట్ ఉంది" అన్నది కూడా స్పాయిలరే. ఆ మాట చదివినవాళ్ళు కథ చదవడం మాని ట్విస్ట్ కోసం వెతుకుతారు.

మధ్యలో కుదిరింది ఒకటి, కుదరనిది ఒకటి. ఒక్కోదానికి ఒక దృశ్యం చూపించండి. పై గాదె నవలిక మీద ఒకరు ఇలా రాశారనుకుందాం:

"కథ బాగుంది కానీ సెకండాఫ్ బోర్. ఇంకా భయపెట్టి ఉండాల్సింది."

ఇది కోపం తీర్చుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అదే సంగతి ఇలా రాయొచ్చు:

"మొదటి సగంలో భయమంతా చప్పుళ్ళ మీద నడిచింది. ఖాళీ గాదెలో వడ్లు జారుతున్న రాత్రి దృశ్యం చాలా రోజులు గుర్తుంటుంది. సగం దగ్గర గాదెలో ఉన్నదాన్ని పట్టపగలు చూపించేశాక అంతకంటే పెద్ద భయం రాలేదు. చివరి మూడో వంతులో పాత కథ చెప్పడానికి పన్నెండు పేజీలు పోయాయి, అందరికంటే ఆసక్తి కలిగించిన మేనత్త సంగతి మాత్రం తేలలేదు."

ఇందులో గాదెలో ఏముందో చెప్పలేదు, లోపం ఎక్కడుందో చెప్పింది. సగం దగ్గర ఏదో బయటపడుతుందన్నది మాత్రం కొంత తెలిసిపోతుంది. అంత కూడా వద్దనుకునేవాళ్ళ కోసం "ఇక్కడి నుంచి కథ వివరాలు" అని ఒక వరుస పెట్టి, దాని కింద రాయండి.

బాధపెట్టే విషయాలు ఉంటే మొదట్లోనే, కథతో ముడిపెట్టకుండా ఒక వరుస: "పిల్లల మరణం, ఆత్మహత్య ప్రస్తావన, జంతుహింస ఉన్నాయి." ఎవరికి జరిగిందో, ఎక్కడ జరిగిందో అక్కర్లేదు.

పుస్తకంలోంచి వాక్యాలు ఎత్తి చూపొచ్చు. విమర్శ, సమీక్ష కోసం అలా వాడుకోవడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎ) కింద అనుమతిస్తుంది. ఇన్ని మాటలని హద్దు పెట్టలేదు. మీ పాయింట్‌కి ఎంత అవసరమో అంతే తీసుకోండి, మామూలుగా రెండు మూడు వాక్యాలు. పేజీలకు పేజీలు ఫొటోలు తీసి పెట్టడం మాత్రం సమీక్ష కిందికి రాదు.

స్టార్లు

పాఠకులు పుస్తకాలకి రేటింగ్‌లు ఇచ్చే గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్‌లో రెండు స్టార్లంటే "ఫర్వాలేదు", మూడంటే "నచ్చింది", నాలుగంటే "బాగా నచ్చింది". మనవాళ్ళు ఎక్కువమంది మూడు స్టార్లని "పాస్ మార్కులు" అన్నట్టు చూస్తారు, నచ్చితే ఐదు, నచ్చకపోతే ఒకటి ఇస్తారు. అందుకని మీ కొలత ఏమిటో ఒక్కసారి రాసుకుని అన్ని పుస్తకాలకీ అదే వాడండి. ఒక సులువైన పద్ధతి: ఆ తరహా ఇస్తానన్నది ఇచ్చిందా, వేసిన ముడులు విప్పిందా, భాష చదివించిందా, ఒక్క దృశ్యమైనా మిగిలిందా? ఒక్కో "అవును"కి ఒక స్టార్, ఇంకొకరికి ఇచ్చి చదివిస్తానంటే ఐదోది. ఒక్క "అవును" కూడా లేకపోయినా ఒక స్టార్ తప్పదు, అంతకంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదు.

అట్ట చిరిగి రావడం, కొరియర్ ఆలస్యం, ధర ఎక్కువ కావడం కథ తప్పు కాదు. వాటికి స్టార్లు కోయకండి, విడిగా ఒక వరుస రాయండి. అచ్చుతప్పులు మరీ ఎక్కువైతే ఏ కూర్పో చెప్పి రాయండి. మధ్యలో వదిలేసిన పుస్తకానికి స్టార్లు ఇవ్వకుండా "40వ పేజీ దగ్గర వదిలేశాను, కారణం ఇది" అంటే సరిపోతుంది.

ఇతరుల రేటింగ్‌లు చూసేటప్పుడు ఎంతమంది ఇచ్చారో ముందు చూడండి. 12 మంది ఇచ్చిన 4.6కి ఒక్క ఒంటి స్టార్ తోడైతే సగటు 4.32కి పడిపోతుంది. 600 మంది ఇచ్చిన 4.6 అదే దెబ్బకి 4.59 దగ్గర నిలబడుతుంది. నవలికలకి రేటింగ్‌లు తక్కువగానే ఉంటాయి గనుక సగటు మీద ఆధారపడకుండా మూడు స్టార్ల అభిప్రాయాలు ముందు చదవండి. మెచ్చినదీ మెచ్చనిదీ రెండూ వాటిలోనే ఎక్కువగా దొరుకుతాయి. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే దృశ్యం గురించి ఫిర్యాదు చేస్తే అది పట్టించుకోదగ్గది. "నెమ్మదిగా నడిచింది" లాంటి ఫిర్యాదు మీకు సిఫారసు కూడా కావచ్చు.

ఉచిత ప్రతి, రచయితతో పరిచయం

రచయితో ప్రచురణకర్తో పుస్తకం ఉచితంగా పంపితే మొదటి వరుసలోనే చెప్పండి. రచయిత మీ స్నేహితులైతే అదీ చెప్పండి. ఆన్‌లైన్ సమీక్షల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, డబ్బిచ్చి రాయించిన సమీక్షలు ప్రచురించకూడదని అది చెబుతుంది. ఐదు స్టార్లు ఇస్తేనే పుస్తకం ఇస్తామనే షరతు ఒప్పుకోకండి.

యాప్‌లలో రచయిత మీ మాట నేరుగా చదువుతారు, జవాబూ ఇస్తారు. "తర్వాతి భాగం ఎప్పుడు?" అన్నది ప్రోత్సాహమే, అభిప్రాయం కాదు. సీరియల్ నడుస్తుండగా పేర్ల గందరగోళం, కాలం లెక్క తప్పడం, మొదట ఉన్న తమ్ముడు మాయం కావడం లాంటివి భాగం నంబర్‌తో చెబితే అప్పటికప్పుడు సరిదిద్దుకోగలరు. మొత్తం కథ మీద తీర్పు మాత్రం చివరి భాగం వచ్చేదాకా ఆపండి. రచయిత సవరించి మళ్ళీ పెడితే, మీరు ఎత్తి చూపిన లోపం పోయిందేమో చూసి, పాత అభిప్రాయం చెరిపేయకుండా దాని కిందే తేదీ వేసి కొత్త మాట చేర్చండి.